తరుగు

ధర్మాబాద్ మిర్చి యార్డు వెనక
మా కబడ్డీ కోర్టు.
కింద పడితే ముందు తుమ్ము వస్తది,
దెబ్బ తర్వాత తెలుస్తది.

పోయినేడు బిలోలి పోటీల
కార్నర్ పిల్ల నా చీలమండ పట్టి తిప్పినప్పుడు
మోకాలి లోపల ఎండు తొడిమ తుంచినట్టు
చిన్న చప్పుడు.
కూత ఆపలేదు నేను.

నాందేడ్ డాక్టరు ఫిల్ము వెలుగుకు పెట్టి చూసి
అతికింది పో, ఆడుకో అన్నడు.
అతికింది, నిజమే.
మెట్లెక్కుతున్న, సైకిల్ తొక్కుతున్న.
నొప్పి ఇప్పుడు అరవదు.
గోడ అవతల ముసలమ్మ దగ్గినట్టు
అప్పుడప్పుడు, ఉన్న అని చెప్తది, అంతే.

ఆ దగ్గుకే తొడ జడుస్తది.
నేను లెమ్మంటే సగం లేస్తది,
మిగిలిన సగం నన్నడగకుండ దాచుకుంటది.

నాయిన కాంటా దగ్గర హమాలీ.
యార్డు మూసినాక ఒకనాడు పిలిచి
ఎడమ కాలు కాంటా మీద పెట్టు,
కుడి కాలు ఇటుకల మీద, అన్నడు.
ముప్పై రెండు.
ఇప్పుడు కాళ్ళు మార్చు.
ఇరవై.

నేను సమంగ నిలబడ్డ అనుకున్న.

నాయిన బీడీ ముట్టియ్యలేదు, ఏమనలేదు.
కాంటా ముల్లు మాత్రం కొట్టి చూసిండు
అబద్ధమాడే కాంటాలు చాన చూసినోడు కదా.
తేమ ఉన్న మిర్చికి కిలో తరుగు తీస్తరు ఈడ.
నొప్పికెంత తీస్తరో
ఏ సేటు చిట్టీల రాసి లేదు.

నిన్న రైడుకు పోయిన.
ఊపిరి ఉంది, కూత ఉంది.
బోనస్ గీత మీదికి కన్ను పోయింది, చెయ్యి పోయింది,
కుడి కాలు రెప్పపాటు ఆలోచించింది.
ఆ రెప్పపాటు చాలు, నలుగురు మీద పడ్డరు.
మన్ను కింద నుంచి నవ్వొచ్చింది నాకు,
ఎందుకో.

సాయంత్రం మారోతి దర్జీ
టీముకు కొత్త నిక్కర్ల కొలత తీసుకుంటుండె.
ఎడమ తొడకు టేపు చుట్టిండు. కుడి తొడకు చుట్టిండు.
మళ్ళ చుట్టిండు.
సాయవ్వా, ఇటు రెండు వేళ్ళు తక్కువుంది,
కుట్టు లోపలికి తియ్యనా?

తియ్యకు.
వదులుగనే ఉండనీ.
గాలికి కొట్టుకుంటే కొట్టుకోనీ,
అవతల పిల్లలు చూస్తే చూడనీ.
ఆ రెండు వేళ్ళ జాగ
నాకు కావాలె.