రెండో కంచం

నువ్వు తిన్నదే, తిన్నంతే
ఈ డబ్బాలోనూ పెట్టమన్నాను.
ముద్దకి ముద్ద, కూరకి కూర.
ముల్లు పక్కన పెడితే ఆ ముల్లూ పక్కన పెట్టు,
తూకం వేసుకుంటాను.
ఫైనెసి తలూపింది.
ఆమె చేతిలో గరిటె, నా చేతిలో కాటా.
పొయ్యిలో పుల్ల చిటపటమన్నది తప్ప
ఇంకెవరూ మాట్లాడలేదు.

జొంబా కొండ కింద ఎర్రమట్టి.
పిసినారి మట్టి.
లోపల సెలీనియం ఉన్నా పిడికిలి విప్పదు.
మొక్కజొన్న వేళ్లు అడిగీ అడిగీ ఊరుకుంటాయి.
దిగువన షిరే లోయలో నల్లరేగడి అలా కాదు;
అదే విత్తనం వేసినా
గింజ నిండుగా ఇస్తుంది.

మనిషికి రోజుకి కావలసింది
ఒక్క ఉప్పు రవ్వ ఎత్తు.
ఉప్పే అయితే పక్కింట్లో చేబదులు దొరికేది.
ఇది పక్కింట్లోనూ లేదు,
ఆ పక్కింట్లోనూ లేదు,
ఊరంతా ఒకే మట్టి తింటోంది.

అది అందనప్పుడు ఒళ్లేం చేస్తుందో
శిక్షణలో చెప్పారు:
కాలేయానికి తగ్గిస్తుంది, కండలకి తగ్గిస్తుంది,
ఉన్న కాస్తా మెదడుకి దాచి పెడుతుంది.
నేను నోట్సు రాసుకున్నాను.
ఎవరి వడ్డనో గుర్తొచ్చినట్టే అనిపించి
గుర్తు రాలేదు.

మూడు రోజులు, మూడు డబ్బాలు.
లిలాంగ్వేలో వాటిని ఎండబెట్టి, పొడి కొట్టి,
ఆమ్లంలో మరిగించాం.
ఊళ్లో అందరి అంకె ఇరవై చుట్టూ తిరిగింది.
నూట పదిహేడో నంబరు ఒక్కటే అరవై రెండు.
కలీవో గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.
"ఈవిడ బాగానే తింటోందయ్యా."
మరి రక్తం?
రక్తం ఊరందరి కన్నా కిందుంది.

డబ్బా ఒకటి చెప్పింది, నరం ఇంకొకటి.
ఏది అబద్ధమో తేల్చడానికి
గోళ్ల కత్తెర తీసుకుని మళ్లీ వెళ్లాను.
కాలిగోరు నిరుడు తిన్న కూడు కూడా
దాచుకోకుండా చెప్పేస్తుంది.

అతిథి పదునైన చాకుతో వస్తాడని మా సామెత.
ముడిపడ్డవి కోసి పెడతాడని.
మొదట సూదితో వచ్చాను,
ఇప్పుడు కత్తెరతో.

ఫైనెసి పాదం నా మోకాలి మీద పెట్టుకున్నాను,
బొటనవేలు పగిలి ఉంది, గోరు మందం.
ఆరేళ్ల మయేసో పక్కన నిలబడి
నా సంచీలోకి తొంగి చూశాడు.
"చేపల డబ్బా తేలేదా?"

చేపలా?

వాడే చెప్పాడు, వేళ్లు లెక్కపెట్టుకుంటూ.
చిల్వా సరస్సు నుంచి సైకిలు మీద వచ్చే ఆయన దగ్గర
మతెంబా ఎండుచేపలు మూడు గుప్పిళ్లు,
అప్పు.
అమ్మ కంచంలో గుమ్మడాకు,
నా కంచంలో గుమ్మడాకు,
డబ్బాలో చేపలు.

ఫైనెసి వాణ్ణి కసరలేదు.
పాదం వెనక్కి లాక్కోలేదు కూడా.
"ఇంటికొచ్చిన డబ్బా," అంది,
"ఊరు దాటి పెద్దవాళ్ల దగ్గరికి పోయేది.
వట్టి ఆకు పెట్టి పంపనా?"

ఫారంలో 'ఇతర వివరాలు' గడి
రెండు వేళ్ల వెడల్పు.
'అధికంగా వడ్డించారు' అని రాశాను, కొట్టేశాను.
'తప్పుడు నమూనా' అని రాశాను,
అది చదివితే ఆమె తప్పు చేసినట్టుంది.
చివరికి ఖాళీగా వదిలి సంతకం పెట్టాను.
కలీవో గారు ఖాళీ గడులు ఒప్పుకోరు.

అప్పటి నుంచి ఇంకో అనుమానం పట్టుకుంది.
మిగతా ఆ ఇరవైల్లో
ఎన్ని డబ్బాలకి ఎవరెవరు కొసరు వేశారో,
ఒక చెంచా నూనె, ఒక చిటికెడు వేరుశనగ పొడి,
ఎంత లేమి మీద ఎంత మర్యాద కప్పారో.
దానికి కాటా లేదు.

మయేసో కత్తెర అడిగితే ఇచ్చాను.
తన గోరు తనే కత్తిరించి
నా కవరులో వేశాడు,
వాడి పేరు జాబితాలో లేదు, అయినా.

ఫ్రీజరు మూడో అరలో
నలభై గ్రాముల బూడిదరంగు పొడి మిగిలింది.
నూట పదిహేడు.
ఎవరూ తినలేదు.
అప్పు తీరిందో లేదో
నేనింతవరకూ అడగలేదు.