మైకులు చచ్చిన పదకొండు నిమిషాలు

హాలిఫాక్స్‌లో ఆ శనివారం
రేకుల మీద వాన తెల్లవారుజాము నుంచే ఎడతెగని వాయింపు.
ఒకప్పుడు ఉన్ని నేసిన మిల్లు, ఇప్పుడు హాలు.
పన్నెండు బ్రాస్ బ్యాండ్లు, ఆరువందల కుర్చీలు,
రేడియోలో ప్రత్యక్ష ప్రసారం.

నా చెవికి హెడ్‌సెట్,
ముందు వేలెడంత నీలి దీపం,
దాని కింద మూడు రంగుల పెన్సిళ్లతో
నేను గీసుకున్న సాయంత్రం.
ఇక్కడ నన్నెవరూ పేరుతో పిలవరు.
"డెస్క్" అంటారు.
చెక్కబల్లకీ నాకూ కలిపి ఒకే పేరు.

ఏడో బ్యాండు లేచింది.
గని కార్మికుల మనవలు, మెరూన్ కోట్లు.
కండక్టర్ చెయ్యెత్తాడు.
సగం దీపాలు గుటుక్కుమన్నాయి.

హెడ్‌సెట్‌లో అందరూ ఒక్కసారే:
"డెస్క్, మిక్సర్ పోయింది"
"డెస్క్, రేడియోకి ఒట్టి గాలి వెళ్తోంది"
"డెస్క్, మెట్ల కింద నీళ్ళు, కరెంటు పెట్టె దాకా"
ఆ చివరి గొంతు కాలమ్‌ది.
పంతొమ్మిదేళ్ళు. సోమవారం చేరాడు.
తర్వాత వాడి మాట లేదు, ఊపిరే ఉంది,
నడుముకున్న తాళాల గుత్తి గలగలమంది.
వంగుతున్నాడు.

"ఉండు!" అన్నాను.
తెలుగులో.

పదిహేనేళ్ళుగా ఆ మైకులో
స్టాండ్ బై, గో, థాంక్యూ,
ఈ మూడు మాటలతోనే సంసారం చేశాను.
ఇది పొంగే పాల గిన్నె మీదికి
చెయ్యి చాపే పిల్లాణ్ణి చూస్తే
అనుమతి అడక్కుండా నోట్లోంచి దూకే మాట.
వాడికి తెలుగు రాదు.
గుత్తి చప్పుడు ఆగింది.

ఇక ఒక్కొక్కరే.
"నిమ్రా, ఆ పెట్టెకొచ్చే లైను పైనుంచి ఆపు.
ఆపి నాకు చెప్పు.
కాలమ్, నీళ్ళకు దూరంగా రా,
క్యాంటీన్ గోడ నుంచి కేబుల్ లాగు.
జోన్, టార్చ్ తీసుకుని కండక్టర్ దగ్గరికి.
డెరెక్?"
"పాత మిక్సర్‌ని లేపాలి. ఆరు నిమిషాలు" అన్నాడు డెరెక్.
అరవై రెండేళ్ళవాడు, ఆరంటే పది.

అంతే. నాకు పని అయిపోయింది.
ఈ ఉద్యోగంలో ఎవరూ నేర్పనిది ఇదే:
అందర్నీ పంపాక
అడక్కుండా కూర్చోవడం.
అడిగితే చేతులు ఆపి జవాబు చెబుతారు.
వేలు మీట దాకా నాలుగుసార్లు వెళ్ళి
నాలుగుసార్లు వెనక్కి వచ్చింది.
బల్ల కింద నా కాలు మాత్రం కుట్టుమిషను తొక్కుతోంది.

మూడో వరసలో ఎవరో టాఫీ కాగితం విప్పారు,
ఎంత మెల్లగా విప్పితే అంత గట్టిగా.
వేదిక మీద మసక చీకట్లో
ఇరవై ఎనిమిది మంది
వాయిద్యాల్లోని తడి నేల మీదికి విదిలించి,
ఇత్తడి చల్లబడకుండా
గొట్టాల్లోకి ఊపిరి ఊదుతున్నారు.
స్వరం లేదు. ఒట్టి గాలి.
రేడియోకి వెళ్తున్నదీ అదే అనుకుని
నవ్వొచ్చింది, ఆ సమయంలో.

"డెస్క్, వచ్చింది."
పదకొండో నిమిషం.
"స్టాండ్ బై" అన్నాను.
స్టాండింగ్ బై, స్టాండింగ్ బై, స్టాండింగ్ బై.
కాస్త ఆలస్యంగా, కాలమ్:
"ఉన్డూ."

రాత్రి కేబుళ్ళు చుడుతూ అడిగాడు,
అదేం మాట అని.
ఆగమని, అన్నాను.
సగమే చెప్పాను.
వెళ్ళకు, ఇక్కడే, బతికి,
అనే మిగతా సగాన్ని
ఏ క్యూ షీట్‌లో రాయాలో తెలియలేదు.

రిపోర్టులో రాసింది ఇది:
7.42 కరెంటు పోయింది. 7.53 వచ్చింది. కారణం వాన.

ఏడో బ్యాండుకి నాలుగో స్థానం.
ఇత్తడి చల్లబడిందని
జోన్ ఇప్పటికీ నన్ను తిడుతుంది.