పదకొండో చుక్క

మా ఇంటిపేరే దూది.
ఏకేది, దులిపేది, పరుపులో కుక్కి కుట్టేది,
తాత నాటినుంచీ అదే బతుకు.
అట్లాంటి ఇంట్లో పుట్టి
దూది పడదంటే ఎవరు నమ్ముతారు?
నేనే నమ్మినా.

ఆదోని యార్డులో పత్తి బండ్లు దిగే నెలలోనే
నా ముక్కుకు తూము తెగేది.
ఒక దమ్మున పదిహేడు తుమ్ములు.
లెక్కపెట్టేది నేను కాదు, ఎదురింటి తిక్కయ్య.
పొలం రిజిస్ట్రేషనుకని చెప్పులేసుకుని గడప దాటినోడు
బేసి తుమ్ము పడిందని వెనక్కిపోయి
చెంబెడు నీళ్లు తాగి కూచున్యాడు.
మళ్లా లేసి పోయేసరికి ఆఫీసు మూసినారంట.
ఆ నెలంతా నా మొగం చూడల్యా.

మిరియాల కషాయం తాగినా.
పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చినా,
కండ్లు మండినాయి గానీ ముక్కు మాట ఇనల్యా.
దర్గాలో కట్టిన తాయెత్తు
మూడు తుమ్ములకే దారం తెగి దూదిలో పడింది.
ఎవరి పరుపులో కలిసిపోయిందో ఇప్పటికీ తెలీదు,
వాళ్లకన్నా మేలు జరిగుంటే సాలు.

అంగడి మాత్ర పనిచేసేది.
తుమ్ము నిద్రపోయేది, దాంతోపాటు నేనూ.
కుట్టు మధ్యలో తల వాలి
సూది దిగిన బొటనేలి మచ్చ ఇదిగో.
ఆరెంపీ ఇంజెక్షన్లు రెండు నెలలు బాగుండె,
మూడో నెల అద్దంలో నా మొగం
నేను కుట్టిన దిండు మాదిరి ఉబ్బింది.

దూది మానెయ్, అన్యాడు మా ఆయన గోడను చూస్తా.
ఆయనకు ఇంకో పని రాదు. నాకూ రాదు.

కర్నూలు పెద్దాసుపత్రికి
అయిదు రోజులు మాత్రలు ఆపి రమ్మన్యారు.
ఆ అయిదు రోజుల సంగతి అడగొద్దు.
ఎమ్మిగనూరు మీద బస్సు,
సీటంతా నాదే, పక్కన ఎవురూ కూచోల్యా.

ముంజేతి మీద పెన్నుతో అంకెలు,
అంకె పక్కన చుక్క, చుక్క మీద చిన్న పోటు,
నేను పరుపుకు ముడులేసినట్టే వరసగా.
ఇరవై నిమిషాలు గోక్కోవద్దన్యారు.
గోడ గడియారం కింద కూచుని
కుడిచేతిని తొడకింద పెట్టి తొక్కినా.

డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచింది.
నాలుగో చుక్క దూదిది.
చదునుగా, ఏమీ ఎరగనట్టు.
తొమ్మిదేండ్లు నేను తిట్టిన సొంత మనిషి
తప్పు లేదని తేలి ఎదురుగా నిలబడినట్టుండె.
పదకొండోది మాత్రం
అలసందగింజంత లేసి కూచుంది.
"వయ్యారిభామ" అనింది డాక్టరమ్మ.

ఆడనే నవ్వొచ్చింది.
పత్తి దిగే నెల, అది పూసే నెల ఒకటే కదా.
జిన్నింగు మిల్లు గోడ పొడుగునా, మా దొడ్డి ఎనకా
మెతుకులు చల్లినట్టు తెల్లగా పూసేది.
మేక మూతి పెట్టనిదాన్ని
పొద్దున్నే ఉత్త చేత్తో పీకి
అదే చేత్తో ముక్కు తుడుచుకునేది నేను.

ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చినారు.
అట్లాంటిది ముందొకసారి వాడి పారేసినా,
తల పైకెత్తి కొడితే గొంతంతా చేదని.
నర్సు నా తల కిందికి వంచింది.
"నేలను చూడు. కుడిచేత్తో ఎడమ ముక్కుకు,
ఎడమచేత్తో కుడి ముక్కుకు.
ఎగబీల్చొద్దు, మల్లెపువ్వు వాసన చూసినట్టు అంతే.
తగ్గినా రోజూ. రెండు వారాలు ఓపిక పట్టు."
నాలుగో రోజే పారెయ్యాలనిపించె.
పారెయ్యల్యా.

తిక్కయ్యకు చెప్పినా. ఊ అనల్యా, ఆ అనల్యా.
తొలివాన పడినాక, పూత రాకముందే,
చేతులకు సంచులు కట్టుకుని
గోడెమ్మట వేర్లతో పీకుతా కనబడినాడు.
రిజిస్ట్రేషను మాట ఆయన ఎత్తల్యా, నేనూ ఎత్తల్యా.

పూర్తిగా పోయిందని చెప్పను.
గాలి మిల్లు దిక్కునుంచి తిరిగితే
ఒకటో రెండో వస్తాయి.

మా ఇంట్లో పాలు మాడితే
తొమ్మిదేండ్లుగా పక్కింటోళ్లు అరిచి చెప్పల్ల.
నిన్న సాయంత్రం సూది ఆపి
నేనే అరిచినా, "మస్తానీ, పాలు!"
నా కూతురు పొయ్యి చూడకుండా
వాకిట్లోకి వచ్చి నన్ను చూసింది,
చూస్తానే నిలబడింది.

పాలు మాడనే మాడినాయి.