వెనక మడ్‌గార్డు మీద రాత

నా కిరాయి సైకిలు వెనక మడ్‌గార్డు మీద
ఒకప్పుడు "నెమ్మదిగా పోదాం, చేరతాం" అని ఉండేది.
అది గీకేశాను.
ఎర్రరంగుతో, మా చిచేవా భాషలో, వంకర అక్షరాల్లో
కొత్తది రాశాను:
"దవడ వాపు ప్రతిసారీ పంటినొప్పి కాదు."

మంకీ బే రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళు పడీపడీ నవ్వారు.
లాస్టన్, ఎప్పుడయ్యావురా డాక్టరువి?
దేవుడి పేరో ఫుట్‌బాల్ జట్టు పేరో రాసుకోక
ఊళ్ళోవాళ్ళ దవడలతో నీకేం పని?

నేనేం చెప్పలేదు.

చేపలెండే తడకల పక్కన
మా తియమికే
ఎడం చెంపకి చెయ్యానించుకుని కూచునేది. ఐదేళ్ళది.
ఉప్పునీళ్ళు పుక్కిలించమన్నాను.
పళ్ళు పీకేవాడి దగ్గరికి తీసుకెళ్ళాను, రెండుసార్లు.
పీకిన రెండు పళ్ళూ గట్టివే, పుచ్చు లేదు.
అవి అరచేతిలో పెట్టుకుని చూశాను కూడా.
వాపు పచ్చిమామిడికాయంతై
కన్ను పక్కకి ఒరిగాక
అప్పుడు ఎక్కించాను బ్లాంటైర్ బస్సు.

క్యాన్సర్ అంది నర్సు.
పిల్లలకీ వస్తుందా అన్నాను.
వస్తుంది, నయమూ అవుతుంది అంది,
రెండు మాటలూ ఒకే గొంతుతో.

మొదటి మందుకే, వారం తిరక్కుండా,
వానలో ఉప్పురాయిలా కరిగింది వాపు.
చెంప మళ్ళీ చెంపయింది.
మా ఆవిడ ఇరుగుపొరుగుని పిలిచి పిలిచి చూపించింది.
ఇంకా ఐదు మోతాదులని
కాగితం మీద తేదీలు రాసిచ్చారు.
మొక్కజొన్న గాదెలో అడుగు కనిపించే నెల అది.
ఇద్దరికి, రానూపోనూ, బస్సు ఛార్జీ.
వాపు పోయింది కదా, అన్నాను.

ఆ "కదా" దగ్గరే
ఆగిపోయి ఉన్నాను ఇప్పటికీ.

కాగితం దాచాను. రెండో తేదీ మంగళవారం.

నిరుడు వానల్లో
బురదకి దిగి సైకిలు తోస్తున్నాను.
వెనక ఎవరో నడిచి వస్తూ
నా మడ్‌గార్డు చదువుతున్నారు,
అక్షరం అక్షరం కూడబలుక్కుని, పైకే.
"కాదు" దాకా వచ్చి ఆగింది గొంతు.
తిరిగి చూస్తే జియోనె,
వీపున చితెంజె గుడ్డ ముడి విప్పుతోంది
కొడుకు మొహం ఇంకోసారి చూసుకోడానికి.

ఎక్కు, అన్నాను.
డబ్బుల్లేవంది.
నేనడిగానా, అన్నాను.

వాడి పేరు లింబికాని.
మూడుదార్ల దాకా పన్నెండు కిలోమీటర్లు, ఆపైన బస్సు.
మూడో మోతాదుకి వెళ్ళేరోజు
అందరికంటే గట్టిగా నవ్విన వైసన్
శుక్రవారం మొదటి బేరం డబ్బులు నా జేబులో కుక్కి
బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు.
ఇప్పుడు పంచర్లేసే చెట్టుకింద పాలడబ్బా ఒకటుంది మాకు.
కొన్ని శుక్రవారాలు ఛార్జీ నిండుతుంది.
కొన్నిసార్లు నిండదు.
అప్పుడు మినీబస్సు కండక్టరుతో దెబ్బలాడతాం.

ఆసుపత్రి వెనక పొయ్యిల దగ్గర
తల్లులంతా వంట చేసుకుంటారట.
ఒకరోజు ఒకామె పొయ్యార్పి, గిన్నె తోముకుని,
మిగిలిన పిండి జియోనె ముందు పెట్టి వెళ్ళిపోయిందట.
ఎవరూ ఏమీ అడగలేదట.
ఆ పిండితోనే మా వాడికి నాలుగు రోజులు వండానన్నా, అంది,
అంతదూరం మళ్ళీ మాట్లాడలేదు.

ఆరోదీ అయింది.
ఏడాది దాకా చూడాలి, ఇప్పుడే ఏం చెప్పలేనంది నర్సు.
మూడుదార్ల దగ్గర వాడు
చెరకుగడ కొనిస్తేగానీ సైకిలెక్కనన్నాడు.
ఎక్కి కూచుని
కుడిదవడకోసారి ఎడందవడకోసారి మార్చి మార్చి
పన్నెండు కిలోమీటర్లూ నమిలాడు.
పిప్పంతా నా వీపు మీదే.
వాళ్ళమ్మ తిడుతోంది. నేను ఊరుకోమన్నాను.

ఇంటికెళ్ళేసరికి చొక్కా జిగట.
చీమలు పట్టాయి.
ఆ రాత్రి ఉతకలేదు.