కుడివైపు దీపం

కొరుక్కుపేట రైలుగేటు పక్కన
మూడేళ్లు కదలకుండా పడున్న మా టాటా టూ నాట్ సెవెన్.
తొట్టిలో పేరుకున్న మట్టిలో గోంగూర మొలిస్తే
మునెమ్మ కోసి పప్పులో వేసింది.

మూడు వేలు నష్టానికి చీటీ పాడితే ఇంజను దిగింది.
బ్రేకులు వచ్చే నెల.
గేరు రాడ్డుకి గుండు లేదు,
ప్రస్తుతానికి మావాడి బొంగరం.

పుదుప్పేటలో తలుపొకటి దొరికింది, పచ్చది.
మా బండి నీలం.
తలుపు మీద అరవంలో ఎవరిదో పేరు, సగం.
ఉప్పుకాగితం తీస్తే మెకానిక్ పళని ఆపాడు:
"ఉండనీ అన్నా, రంగు డబ్బులు మిగులుద్ది."

హెడ్‌లైటు అడిగాను.
కుప్పలో మోచేతిదాకా చెయ్యి పెట్టి
ఒకటి లాగాడు కొట్టాయన. ఎనిమిది వందలట.
అద్దం మూల ఒక గీత.
గీత పొడుగునా, వంకరగా,
నేను పూసిన జిగురు.
తుపాను రాత్రి ఎవరో విప్పుకుపోయిన
నా బండి కుడికన్ను.

ఆయన నా ముఖంలోకి చూశాడు.
నేను గీత చూపించి
రెండు వందలు తగ్గించమన్నాను.

నూటయాభై తగ్గించాడు.
పగలకుండా
పాత పేపర్లో చుట్టి మరీ ఇచ్చాడు.