కట్టేసిన గీజరు నీళ్ళు

మే నెల దాటాక షార్జాలో
చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలుతుంది.
డాబా మీది ట్యాంకు పొద్దంతా ఉడుకుతుంది మరి.
అందుకని గీజరు కట్టేసి
అందులో నిలవున్న నీళ్ళనే చన్నీళ్ళు అనుకుంటాం.
ఈ ఊళ్ళో నేను మొదట నేర్చుకున్నది అదే.
చిట్టి కోసం ఇంకోటి నేర్చుకున్నాను:
ఆ నీళ్ళు కూడా ఒక రాత్రి బకెట్లలో నిద్రపోవాలి,
క్లోరిన్ వాసన పోయేదాకా.
బాత్రూంలో ఏడు బకెట్లు.
వాటి మధ్య ఒంటికాలి మీద సలోమి స్నానం.

కొన్నప్పుడు బొటనవేలంత.
"గౌరామి సార్, మహా అయితే అరచెయ్యంత అవుతుంది"
అన్నాడు షాపు కుంజుమోన్.
ఎవరి అరచెయ్యో చెప్పలేదు.
ఆరేళ్ళకి, నా మోచేతి నుంచి వేలి కొసదాకా
పెట్టి కొలిస్తే ఇంకా తోక మిగిలిపోతోంది.
నుదురు బుడిపె కట్టింది, పెదాలు లావెక్కాయి,
అప్పిచ్చి మరిచిపోనివాడి మొహం.
పేరు మాత్రం చిట్టే.

నేను కైకలూరు వాణ్ణి.
మా వైపు చేపకి పేరుండదు, తూకం ఉంటుంది.
శీలావతి, బొచ్చె, అంతవరకే.
మా నాన్న ఐసు దంచి పెట్టెల్లో పొరలు పొరలుగా పరిచి
లారీకి ఎక్కించేవాడు, లారీ రాత్రికి హౌరా దారి పట్టేది.
అన్ని వేల కళ్ళలో
ఒక్కటీ నావైపు చూసినట్టు గుర్తులేదు.

చిట్టి చూస్తుంది.
తలుపు తాళం తిప్పగానే గాజు దగ్గరికొస్తుంది.
మీసాలు దారితప్పి పొట్టకింద మొలిచినట్టు
రెండు దారాలుంటాయి దానికి.
వాటితో తడుముతుంది, సరిగ్గా నా వేలున్న చోటే.
ఫోన్లో చూపిస్తే నాన్న అడిగాడు,
"ఎన్ని కిలోలు తూగుద్దిరా?"
కాస్త ఆగి, "ఏం తింటది?"
లెట్యూస్ ఆకులు, అరటిపండు, ఉడికించిన బఠాణీలు.
"అయితే ఆసుపత్రి పథ్యం" అని నవ్వాడు.

ఏసీ పద్దెనిమిదికి పెడితే చిట్టికి పడదని
ట్యాంకు మూత మీద సలోమి తువ్వాలు కప్పుతుంది.
నవ్వకండి.
మొప్పలు చాలక పైకొచ్చి గాలి మింగే చేప ఇది.
నీళ్ళకీ మూతకీ మధ్య నాలుగంగుళాల వెచ్చదనం
దానికి ఉండి తీరాలి.

పోయిన ఆగస్టులో అబూ షగారాలో కరెంటు పోయింది.
మధ్యాహ్నం రెండింటికి పోయింది, సాయంత్రమైనా రాలేదు.
ఫిల్టరు ఆగింది, లిఫ్టు ఆగింది,
బిల్డింగు బిల్డింగంతా కార్లలో కూర్చుని ఏసీలు వేసుకుంది.
నైట్ డ్యూటీ చేసొచ్చిన సలోమి కిందికి దిగనంది.
ఐదంతస్తులెక్కి వెళ్ళేసరికి
నేలమీద కూర్చుని, ఎక్స్‌రే కవరుతో
నీళ్ళకి విసురుతోంది.
సిల్వర్ డాలర్లు నాలుగూ అప్పటికే పక్కకి వాలిపోయాయి.

చిట్టి పైకొచ్చింది.
మూతి నీళ్ళ మీద పెట్టి
గుటుక్.
కిందికెళ్ళింది. మళ్ళీ వచ్చింది.
గుటుక్.
పేషెంటు నాడి పట్టుకున్నట్టు
గడియారం చూస్తూ లెక్కపెట్టింది సలోమి.
"నాలుగు నిమిషాలకోసారి" అంది, "పర్లేదు."
గదిలో ఉన్న ఆ కాస్త వేడి గాలినే
ముగ్గురం వంతులేసుకుని పీల్చాం, తొమ్మిదింటిదాకా.

ఇప్పుడు ట్యాంకులో అటు తిరగాలంటే ఒళ్ళు వంచాలి అది.
ముక్కు మీద గాజు తగిలిన తెల్లమచ్చ.
ఆరడుగుల ట్యాంకు కావాలి.
అంత బరువు పెట్టొద్దని నాతూరు వచ్చి చెప్పిపోయాడు.
ఇది ఇరవై ఏళ్ళు బతుకుతుందట.
నా వీసా రెండేళ్ళు, అద్దె కాగితం ఏడాది.
ఎలా లెక్కేసినా ఈ ఇంట్లో
ఎక్కువకాలం ఉండాల్సింది చిట్టే.

కింద హోటల్లో వంటాయన సుగియర్తో,
ఇండోనేషియా మనిషి, ఒకరోజు పైకొచ్చి చూశాడు.
చాలాసేపు మాట్లాడలేదు.
"మా ఊళ్ళో పెళ్ళికి ఇది ఉండాల్సిందే,
నూనెలో నిలబెట్టి వేయిస్తాం, ఎగురుతున్నట్టుంటుంది"
అన్నాడు, రెండు చేతులూ రెక్కల్లా పెట్టి.
కళ్ళు తడయ్యాయి ఆయనకి.
తప్పేం కాదు. నేనూ కైకలూరు వాణ్ణే.
అయినా అప్పట్నుంచి లిఫ్టులో కలిసి
చేప ఎలా ఉందని అడిగినప్పుడల్లా
చిక్కిపోయిందని చెబుతున్నాను.

నిన్న ఇంకో రెండు బకెట్లు కొన్నాను.
గీజరు కట్టేశావా అని రాత్రి సలోమి అడిగింది.
కట్టేశానో లేదో
లేచి వెళ్ళి చూశాను.