నక్కలగుట్ట దగ్గర దిగిన

ఇరవై రెండేండ్లు ఈ పేరు ఒర్రిన.
"నక్కలగుట్టా నక్కలగుట్ట,
దిగేటోళ్లు డోర్ కాడికి రాండ్రి!"
నేను మాత్రం ఒక్కపారి గుడ దిగలే.

రిటైరైన పదకొండో నాడు
కాజీపేటల ఎక్కి కిటికి పక్కన కూసున్న.
కొత్త కండక్టర్ పోరి ఆధార్ చూపియ్యుమన్నది.
నన్ను!
చూపించిన.
సున్న రూపాయల టికెట్ చింపిచ్చింది.
"యాడికి పోతున్నవ్ పెద్దమ్మా?"
"ఊరు చూడనీకి."
"ఏ ఊరు?"
"గిదే."

బస్సు నన్ను దింపి పోయింది.
రైట్ రైట్ అని నాలిక మీదికొస్తే మింగిన.
కాళ్లు జరంత ఊగినయ్,
నేల కదలకపోతే నిలవడుడు నాకు రాదు.

నా కిటికికి ఎప్పుడూ కింది అంతస్తే అందేది:
మందుల షాపు, సెల్లు షాపు, జ్యూస్ బండి,
అవి గుడ ఎనక్కి ఉరుక్కుంట.
ఇయ్యాల తలెత్తితే ఒకదాని మీదొకటి ఏడు,
పండ్ల డాక్టరు, ఆయన మీద విదేశీ చదువుల కోచింగు,
ఆపైన అద్దం ఎనక చెమటలు కక్కుకుంట
పోరగాండ్లు ఉరుకుతనే ఉన్నరు.
ఎంత ఉరికినా ఏ స్టాపూ వస్తలేదు.

మాల్ గేటు కాడ సంచి తెరిచి చూసిండు గార్డు.
నీళ్ల సీస, రెండు సకినాలు, కండ్లద్దాల డబ్బా.
మొఖం చూసి ఆగిండు.
"హసన్‌పర్తి బండి మేడమ్ గదా మీరు?
నేను మొగిలిని. పెయింటింగ్ పనికి పోతుంటి.
నాకు మీరు ఐదు రూపాయలు బాకీ.
టికెట్ ఎనక రాసిచ్చిండ్రు."
ఎన్ని వేల టికెట్ల ఎనక రాసిన్నో!
ఐదు రూపాయల బిళ్ల తీసి ఇచ్చిన.
వద్దంటడేమో అనుకున్న.
జేబులేసుకొని సెల్యూట్ కొట్టిండు.

లోపల మెట్లు వాటంతట అవే పైకి పోతున్నయ్.
నాకేం భయం,
కదిలేదాని మీద నిలవడే గదా ఇల్లు నడిపింది.
మొదటి మెట్టు కాడ ఒక ముసలామె
చీర కుచ్చిళ్లు పట్టుకొని వణుకుతుంటే
నోరు ఆగలే:
"ఎక్కవ్వా, లోపల జాగ మస్తున్నది!"

కాఫీ నూట ఎనభై.
ఎన్ని టికెట్లయితయో ఏళ్ల మీద లెక్కవెట్టిన.
నురగ మీద పాలతోటి ఆకు బొమ్మ గీసిండ్రు,
దాన్ని చెరపబుద్ధి గాక చూసుకుంట కూసుంటే
కాఫీ సల్లారింది.
నవనీత అని ఎద మీద పేరు పెట్టుకున్న పిల్ల
పుస్తకం తెలుగుల అడిగింది,
"ఎక్కణ్ణుంచి వచ్చారు ఆంటీ?"
"కాజీపేట."
"ఫస్ట్ టైమా?"
"ఫస్ట్ టైమే."
అబద్ధం ఎట్లయితది?

ఎనక గల్లీలు తిరిగిన. గుట్ట కోసం.
అపార్టుమెంట్లు, కుండీలు, కార్లకు కప్పిన గుడ్డలు,
రెండు గోడల నడుమ పెద్ద బండ ఒకటి,
దాని మీద సోఫాల యాపారం ఫోన్ నంబరు.
చెట్టు కింద ఇస్తిరి చేసేటాయన్ని అడిగిన,
"అన్నా, గుట్ట ఏడున్నది?"
"ఎక్కే వచ్చినవ్ గదమ్మా, దమ్ము రాలేదా?"
వచ్చింది. వయసనుకున్న.
"మరి నక్కలు?"
ఇస్తిరి పెట్టె పక్కకు పెట్టి
బొగ్గులు ఊది నవ్విండు గని
ఏం చెప్పలే.

పొద్దు గూకంగ స్టాపు కాడికొచ్చిన.
బస్సొచ్చింది. స్టీరింగ్ మీద సదానందం,
రోడ్డే చూస్తుండు, నన్ను చూడలే.
డోర్ల నుంచి ఒక పిలగాడు ఒంగి
"ఎక్కుతవా లేదా అమ్మా?"
స్టాపుల నిలవడి, బస్సు దిక్కు చూసుకుంట
ఎక్కనోళ్లను ఎంతమందిని తిట్టుకున్ననో
అప్పుడు యాదికొచ్చింది.

దీపాలు పడుతున్నయ్.
ఏడో అంతస్తుల ఇంకా ఉరుకుతనే ఉన్నరు.
సకినం ఒకటి మిగిలింది.
పోనియ్యమని చెయ్యి ఊపి
నేల మీదికెల్లే అన్న, గట్టిగ,
"రైట్... రైట్!"
బండి కదిలింది.
పానీపూరి తినే పోరడొకడు
నోరు తెరిచి నా దిక్కు చూసిండు.